ఫ్యూజు తీసినా తిరిగిన చక్రం

వరంగల్ శివనగర్‌లో మేము అద్దెకున్న ఇంట్లో పగలు కరెంటు ఉండేది కాదు. అందులో కరెంటాఫీసు వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు ఇచ్చినా మా అవ్వ ఇచ్చేది కాదు.

అవ్వ అంటే ఆ ఇంటి యజమానురాలు. అరవై దాటిన మనిషి. భర్త పోయాక ముందు భాగంలోని రెండు గదుల్లో ఒక్కతే ఉంటూ, మోదుగాకులతో ఇస్తర్లు కుట్టి పెళ్ళిళ్ళకూ హోటళ్ళకూ ఇచ్చేది. వెనక రేకుల కప్పు వేసిన రెండు గదులు మావి. డెబ్బైల చివర సంగతి ఇది. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. పెళ్ళయి రెండేళ్ళయింది, ఆరు నెలల పాప ఉంది, రఘునాథపల్లి దగ్గరి మా ఊరి నుంచి తెచ్చుకున్న బియ్యం బస్తా ఉంది, ఇవన్నీ కాక లోకంలో నాకు తెలియనిది లేదన్న పొగరు కూడా ఉంది.

రెండు భాగాలకూ కలిపి ఒకటే మీటరు. ముందు గదులకూ మా గదులకూ మధ్య ఉన్న నడవలో గోడకు బిగించి ఉండేది. దాని కింద చెక్క పలక మీద రెండు తెల్ల పింగాణీ ఫ్యూజులు, ఒకటి ఆమె గదులకు, ఒకటి మా గదులకు. మెయిన్ స్విచ్చు కూడా ఒకటి ఉండేది కానీ దాని పిడి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఎవరి మాటా వినేది కాదు. అందుకని అవ్వ తన పద్ధతి తాను పెట్టుకుంది. తెల్లవారగానే రెండు ఫ్యూజులూ ఊడబీకి, నడుముకు దోపుకునే వక్కల సంచిలో వేసుకునేది. దీపాలు పెట్టే వేళకు మళ్ళీ తెచ్చి గుచ్చి, "వచ్చిందా బిడ్డా?" అని నడవలోంచి కేకేసేది. నా భార్య కరెంటు బుగ్గ వెలిగించి "వచ్చిందవ్వా" అనేది.

ఇంట్లో దిగిన మొదటి వారమే నేను వాదనకు దిగాను.

"పగటీలి కూడ పంకా కావాలె గదవ్వా, చిన్నపిల్ల ఉంది" అన్నాను.

"పొద్దు ఉండంగ కరెంటెందుకు సారూ? సూర్యునికంటె నీ బుగ్గ ఎక్కువ ఎలుగిస్తదా?" అంది. తర్వాత కాస్త మెత్తబడి, "గీ తీగలు పాతయి. మా ఆయన ఉన్నప్పుడు ఏసినయి. ఫ్యూజు నీ సంచిలుంటే కరెంటు పండుకున్నట్టే అని చెప్పి పోయిండు. పిల్ల దోగాడెటప్పుడు ఎక్కడన్న చెయ్యి పెడితె ఏం జేస్తవు?" అంది.

నేను ఆ రెండో మాట వినలేదు. విన్నాను గానీ పిసినారి ముసలమ్మ సాకు చెబుతోందని అనుకున్నాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఇంట్లో తీగలు చెక్క బద్దీల మీద మేకులు కొట్టి లాగినవి. పైన రబ్బరు ఎండిపోయి పెళుసెక్కి, గోకితే పొడిలా రాలేది. మా వెనక వరండాలో గుండ్రటి స్విచ్చుకు మూత కూడా లేదు, లోపలి ఇత్తడి ముక్కలు పళ్ళికిలించి కనబడేవి. సైన్సు చదివిన వాడికి ఇవి భయం పుట్టించాలి. నాకు మాత్రం పగలు పంకా తిరగడం లేదన్న ఉక్రోషం తప్ప ఇంకేమీ కనిపించలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఎండలు ముదిరాయి. వరంగల్ ఎండ గురించి చెప్పక్కర్లేదు, పైన రేకులుంటే ఇక అది ఇల్లు కాదు. మధ్యాహ్నం పాప ఒళ్ళంతా చెమటకాయలు పొక్కి గుక్కపట్టి ఏడ్చేది. నా భార్య తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ, విసనకర్రతో విసిరి విసిరి చేతులు పడిపోయి, నేను బడి నుంచి రాగానే ఆ విసనకర్ర నా మీదికి విసిరేది. "సైన్సు సారువట! ముసలామె సంచిల నుంచి కరెంటు తీయలేవు గాని, బడిల ఏం చెప్తానవో" అంది ఒకసారి. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది.

ఒక ఆదివారం వీధి మొత్తానికి కరెంటు పోయింది. అవ్వ ఆకులు తేవడానికి మార్కెట్‌కు పోయింది. నేను పాడైపోయిన ఇస్త్రీపెట్టె తీగ చీల్చి అందులోంచి రాగి పోగులు తీసి మెలివేశాను. మా ఫ్యూజు గుచ్చే పింగాణీ దిమ్మ ఉంది కదా, దానికి వచ్చే తీగను, దాని నుంచి పోయే తీగను వెనక వైపు నుంచి ఆ పోగుతో కలిపేశాను. పైకి ఏమీ కనబడదు. అవ్వ ఫ్యూజు తీసుకుపోయినా మా గదుల్లోకి కరెంటు వస్తూనే ఉంటుంది. పావుగంట పని. ఫ్యూజు తీగ సన్నగా ఉండేది ఎందుకో, ఎక్కువ కరెంటు పారితే అది కరిగి తెగిపోయి ఇంటినీ మనిషినీ ఎలా కాపాడుతుందో నేను ఏటేటా పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. ఆ చేత్తోనే దాని పక్కన ఎన్నటికీ కరగని లావు తీగ కట్టి, చేతులు దులుపుకుని వచ్చాను.

మరుసటి రోజు నుంచి మా మధ్యాహ్నాలు మారిపోయాయి. తలుపేసుకుని పంకా పెట్టుకుంటే పాప హాయిగా నిద్రపోయేది. సాయంత్రం అవ్వ ఫ్యూజు గుచ్చే వేళకు నా భార్య పంకా ఆపి, చీకట్లో బుద్ధిగా కూర్చుని, "వచ్చిందా బిడ్డా?" అన్న కేక వినబడగానే స్విచ్చు వేసి "వచ్చిందవ్వా!" అనేది. మొదట్లో మేమిద్దరం నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వుకునే వాళ్ళం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు కంపరమెత్తుతుంది.

వానలు మొదలైన రోజుల్లో, ఒక సెలవు రోజు మధ్యాహ్నం అవ్వ నన్ను నడవలోకి పిలిచింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మీటరు అద్దంలోకి చూస్తోంది. ఆమెకు అంకెలు రావు. కానీ అద్దం వెనక తిరిగే ఆ సన్నటి చక్రాన్ని, దాని అంచున ఉన్న ఎర్ర గీతను ఆమె బాగా ఎరుగును.

"సారూ, రెండు ఫ్యూజులు నా సంచిలనే ఉన్నయి. మరి గీ చక్రం ఎందుకు తిరుగుతాంది?"

లోపల మా పంకా తిరుగుతోంది.  అప్పుడే ఒప్పుకుని ఉంటే నాలుగు తిట్లు తిట్టేది, మహా అయితే ఇల్లు ఖాళీ చేయమనేది. అంతకు మించి ఏమయ్యేది కాదు. కానీ సైన్సు సారు దొంగగా దొరకడమా?

"అది గంతేనవ్వా. బాయి మీద గిరక చూడవా? చాంతాడు ఇడిచిపెట్టినంక కూడ తిరుగుతనే ఉంటది గద."

అవ్వ మళ్ళీ అద్దంలోకి చూసింది. "గిరక రెండు సుట్లు తిరిగి ఆగుతది సారూ. నేను పొద్దటిసంది సూస్తాన, గిది ఆగుతలేదు."

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది, అబద్ధం చెప్పేవాడికి వచ్చేంత కోపం ఎవరికీ రాదు. "అది మిషినవ్వా! దాని లెక్క వేరే. నేను దినాం పిల్లలకు చెప్పే పాఠమే గది, నీకు తెల్వదు" అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. తర్వాత తల ఊపింది. "సదువుకున్నోనివి. నువ్వు చెప్పినంక ఇంకేమున్నది" అని సంచి తడుముకుంటూ లోపలికి పోయింది.

చదువు రాని ఒక ముసలమ్మ తన కళ్ళతో తాను చూసి, సరైన ప్రశ్న అడిగింది. నా క్లాసులో ఏ పిల్లవాడూ అంత చక్కటి ప్రశ్న ఎన్నడూ అడగలేదు. ఆమె నోరు నేను మూయించి పంపించాను.

ఆ రోజే తీగ విప్పేయాలనుకున్నాను. రేపు విప్పుదాం, ఎల్లుండి విప్పుదాం అనుకుంటూ ఉండగా ఎండలు పోయాయి, పంకా అవసరమూ తగ్గింది, తీగ సంగతి మరిచిపోయాను. మరిచిపోయానన్నది కూడా పూర్తి నిజం కాదు. గుర్తొచ్చినప్పుడల్లా బద్ధకించాను.

బతుకమ్మ పండుగ ముందు అవ్వ ఇంటికి సున్నం వేస్తుంది. మనుషుల్ని పెట్టుకునేది కాదు, తానే ఈత కుంచె పట్టుకుని గోడలన్నీ చుట్టేసేది. ఆ ఏడు ముందు గదులు అయ్యాక మా వెనక వరండాకు వచ్చింది. పొద్దున పది దాటింది. నేను బడికి బయలుదేరుతున్నాను, బయట ముసురు పట్టి ఉంది, నా చేతిలో గొడుగు ఉంది. అవ్వ ముక్కాలి పీట మీద నిలబడి ఉంది. పీట కింద నీళ్ళు, సున్నం కలిసి మడుగైంది. నన్ను చూసి నడుముకున్న సంచి మీద అరచేత్తో తట్టి చూపింది. మా ఫ్యూజు అందులోనే ఉందని చెప్పడమన్నమాట.

"మూత లేని స్విచ్చు సందున ఎన్నడు సున్నం పట్టది సారూ. ఇయాల గుడ్డతోని అద్దుత" అంది.

ఆ మాట నా చెవిలో పడింది. అది మెదడుకు చేరి, మెదడు ఆ రాగి తీగ దాకా పోయి, నోటికి కేక వచ్చేలోపు ఆమె తడిగుడ్డ పట్టుకున్న వేళ్ళు స్విచ్చులోకి పెట్టేసింది.

చిటపటమని ఒక చప్పుడు. అవ్వ అరవలేదు. వెనక్కి ఎగిరిపడింది. పీట ఒకవైపు, సున్నపు బకెట్టు ఒకవైపు, తడి నేల మీద ఆమె. కుడి చెయ్యి ఒంటి కింద మడత పడి ఉంది. కళ్ళు మూతలు పడ్డాయి.

ఇప్పుడు చెప్పబోయేది నేను ముప్పై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆమె స్విచ్చుకు అంటుకుని లేదు. అవతల పడింది. కరెంటు తీస్తే తప్ప ఆమెను ముట్టకూడదన్న పరిస్థితి కాదు. చేయవలసింది ఒక్కటే, ఆమె దగ్గరికి ఉరకడం. నేను నడవలోకి ఉరికాను. గొడుగు చెక్క పిడి కొంకిని ఆ రాగి తీగకు తగిలించి గుంజాను. తీగ తెగి కింద పడింది. వంగి తీసుకుని జేబులో వేసుకున్నాను. అప్పుడు ఆమె దగ్గరికి పోయాను.

ఎంతసేపు పట్టిందంటే, నా భార్య పాపను చంకన వేసుకుని వంటింట్లోంచి వరండాలోకి వచ్చేంత సేపు. కరెంటు ఆపడానికి పోయానని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కానీ ఆపడానికే పోయినవాడు తీగను జేబులో దాచుకోడు.

అవ్వ తల నా ఒళ్ళో పెట్టుకుని మొహం మీద నీళ్ళు చల్లాను. కాసేపటికి కళ్ళు తెరిచింది. రిక్షాలో కూర్చోబెట్టుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. దారి పొడుగునా ఆమె సున్నం మరకల చెయ్యి నా చొక్కా పట్టుకునే ఉంది. ఆ చొక్కాకు కింద, లాగు జేబులో, తీగ నా తొడకు గుచ్చుకుంటూనే ఉంది.

ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచేతి రెండు వేళ్ళు కాలిపోయాయి. పడినప్పుడు మణికట్టు విరిగింది. మూడో రోజు పట్టీలతో మంచం మీద ఉండి, మెల్లగా అడిగింది.

"ఫ్యూజు నా సంచిలనే ఉండె గద సారూ. కరెంటు ఎట్లొచ్చె?"

పక్క మంచాల వాళ్ళు కూడా నా వంక చూస్తున్నారు. ఇంతకంటే మంచి అదను ఎవరికి దొరుకుతుంది? నేనేమన్నానో తెలుసా?

"ఒక్కొక్కపారి తీగలల్ల కొంచెం మిగిలిపోతదవ్వా. వానకు గోడలు గూడ తడిసినయి."

అవ్వ కళ్ళు పెద్దవయ్యాయి. "మిగులుతదా? ఫ్యూజు తీసినంక గూడనా?" అంది. నేను తల ఊపాను. ఆ తల ఊపడం చేసిన పాపం ముందు రాగి తీగ చేసిన పాపం ఎంత!

నా భార్య మంచం పక్కనే ఉండి ఇదంతా వింది. మర్నాడు పొద్దున నా లాగు జేబులోంచి తీగ తీసి నా పళ్ళెం పక్కన పెట్టింది. "ఆమెకు చెప్పుపో. నువ్వు చెప్పకుంటె నేను చెప్త" అంది. చెబుతానన్నాను. చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. పోలీసు కేసవుతుందేమో, ఉద్యోగం పోతుందేమో అన్న నా భయం ఆమెకూ అంటుకుంది. చెప్పే బదులు రెండు నెలలు అవ్వకు అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, ఒళ్ళు కడిగింది. నేను వరండా స్విచ్చుకు కొత్త మూత తెచ్చి బిగించాను. పెళుసెక్కిన తీగలు తీయించి కొత్తవి వేయించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే, కాకపోతే కాలింది నా చేతులు కాదు.

పట్టీలు విప్పాక ఆ రెండు వేళ్ళూ వంగలేదు. ఇస్తరి కుట్టాలంటే ఆకు మీద ఆకు పెట్టి బొటనవేలితో అదిమి, ఈ రెండు వేళ్ళతోనే పుల్ల గుచ్చాలి. ఆమె గడప మీద కూర్చుని ప్రయత్నించేది. పుల్ల జారిపోయేది. మళ్ళీ తీసుకునేది. ఒకరోజు ఆకుల కట్టంతా ఎదురింటామెకు ఇచ్చేసి లోపలికి పోయింది.

కరెంటంటే మాత్రం ఆమెకు జడుపు పట్టుకుంది. ఫ్యూజులు ముట్టడమే మానేసింది. పగలూ రాత్రీ మా గదుల్లో కరెంటు ఉండేది, ఎంతసేపు పంకా పెట్టుకున్నా అడిగే వాళ్ళు లేరు. తన గదులకు పోయే తీగలు మాత్రం కరెంటు మనిషిని పిలిచి తీయించేసింది. గోడలో మిగిలిపోయిన కరెంటు ఎప్పుడు బయటికొస్తుందోనని గోడకు ఆనుకుని కూర్చునేది కూడా కాదు. గ్యాసునూనె కందిలి వెలిగించుకుని గది నడుమ చాప వేసుకునేది. భర్త చెప్పిన ఒక్క మాట పట్టుకుని ఆమె కరెంటును తన అదుపులో పెట్టుకుంది. ఆ మాట తప్పు కాదు. నేను తప్పు చేశాను.

తర్వాతి వేసవిలో నాకు స్టేషన్ ఘన్‌పూర్ వైపు బదిలీ అయింది. సామాను బండికెక్కిస్తుంటే అవ్వ పాప చేతిలో ఎడం చేత్తో బెల్లం ముక్క పెట్టి, "సారు దేవుడసుంటోడు, ఆనాడు ఎత్తుకపోకుంటె నేను లేను" అని చుట్టుపక్కల వాళ్ళకు చెప్పింది. నేను బండి తాళ్ళు బిగిస్తున్నట్టు అటు తిరిగాను.

ఏ బడిలో ఉన్నా ఏటా ఆ పాఠం వచ్చేది. ఫ్యూజు బొమ్మ గీయకుండా, ఇంట్లో చదువుకోండి అని దాటేసేవాణ్ణి.

ఏడెనిమిదేళ్ళకు, పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ మీద వరంగల్ వచ్చాను. మూడు రోజులు తప్పించుకుని తిరిగి, నాలుగో రోజు సాయంత్రం శివనగర్ వెళ్ళాను. మా పాత గదుల్లో ఎవరో కొత్తవాళ్ళున్నారు, లోపల ట్యూబులైటు వెలుగుతోంది. అవ్వ ముందు గదిలో, నడుమ చాప మీద, కందిలి గాజు బూడిదతో తుడుచుకుంటోంది. ఎడం చేత్తో తుడుస్తూ, వంగని వేళ్ళున్న చెయ్యి ఊతంగా పెట్టుకుంది. నన్ను గుర్తుపట్టింది. పాప ఎంత పెద్దదయిందని అడిగింది.

కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఇస్త్రీపెట్టె తీగ, ఆదివారం, మీటరు చక్రం, తీగల్లో కరెంటు మిగలదన్న మాట, అన్నీ. "ఫ్యూజు నీ సంచిలుంటె కరెంటు పండుకున్నట్టే అవ్వా. మీ ఆయన చెప్పిందే నిజం. నేనే దొంగతనంగ తీగ కట్టిన. నీ వేళ్ళు పోగొట్టింది నేనే" అన్నాను. 

అవ్వ గాజు పక్కన పెట్టింది. నేను తిట్ల కోసం నిలబడ్డాను. ఆమె నవ్వింది.

"నా భయం పోవాల్నని గింత పెద్ద అబద్ధం నెత్తినేసుకుంటానవా సారూ?"

"అబద్ధం కాదవ్వా. నిజం."

"ఊకో. నాకు తెల్వదా? తప్పు జేసినోడు ముందు తన తప్పు కప్పెట్టుకుంటడు. కింద పడ్డ మనిషి దగ్గరికి ఉరికొస్తడా? నేను కండ్లు తెరిసేసరికి నా తల నీ ఒళ్ళె ఉండె. అందరికన్న ముందు వచ్చింది నువ్వే."

ఒక్క మాట మిగిలింది. ముందు మీటరు దగ్గరికి పోయానవ్వా, నీ దగ్గరికి కాదు. అది చెబితే ఆమె నమ్మేది. అన్నీ నమ్మేది. భయం పోయి ఆ గదిలోకి మళ్ళీ వెలుతురు వచ్చేది. నోరు తెరిచాను. ఆమె నా మొహంలోకి, ఒకప్పుడు మీటరు కింద నిలబడి చూసినట్టే, నమ్మకంగా చూస్తోంది.

తాగడానికి మంచినీళ్ళు అడిగాను.